మా డాబా మీద ఉచిత ఎండ

ఫిబ్రవరి 11

ఈ రోజు మా గుమ్మంలోకి ఎండ అమ్మడానికి ఒకమ్మాయి వచ్చింది. అమ్మడానికి కాదట, ఊరికే ఇవ్వడానికట. మెడలో కంపెనీ కార్డు, చేతిలో ట్యాబ్, ముఖం మీద ఉదయం తగిలించుకుని సాయంత్రం తీసి పెట్టే నవ్వు. డాబా మీద సోలార్ పలకలు కంపెనీయే పెడుతుంది. మనం పైసా ఇవ్వనక్కర్లేదు. ఎండ ఉన్నంతసేపూ ఇంట్లో ఎంత కరెంటు వాడుకున్నా ఉచితం. మిగిలింది కంపెనీ అమ్ముకుంటుంది.

"మరి మా మీద అంత ప్రేమ దేనికమ్మా?" అన్నాను.

"మీరు హ్యాపీగా ఉంటే అదే మా లాభం అంకుల్," అంది.

నలభై ఒక్క ఏళ్ళు రిజిస్ట్రేషను ఆఫీసు ముందు బల్ల వేసుకుని ఊరందరి దస్తావేజులూ రాసినవాణ్ణి. అవతలివాడి సంతోషమే తన లాభమని చెప్పినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళ మీద తరవాత పడిన దావాలకూ కాగితాలు నేనే రాశాను. ఒప్పందం నమూనా ఇచ్చి వెళ్ళమన్నాను. ఆ అమ్మాయి కంగారుపడింది. ఇంతవరకు ఎవరూ అడగలేదట.

ఫిబ్రవరి 12

ముప్ఫై నాలుగు పేజీలు. రెండుసార్లు చదివాను.

డాబా వాళ్ళకు ఇరవై ఐదేళ్ళు లీజు. ఆ ఇరవై ఐదేళ్ళూ పైన గది వెయ్యకూడదు, గోడ లేపకూడదు, నీడ పడేదేదీ ఉంచకూడదు. ఇల్లు అమ్మితే కొన్నవాడు ఈ ఒప్పందాన్ని కూడా కొనుక్కోవాలి. కప్పు కారితే మరమ్మతు మనది. మరమ్మతు కోసం పలకలు దింపి మళ్ళీ ఎక్కించే ఖర్చూ మనదే. కంపెనీ తన హక్కుల్ని ఎవరికైనా అమ్ముకోవచ్చు, మనతో ఒక్క మాట చెప్పనక్కర్లేదు. మధ్యలో వద్దంటే, మిగిలిన ఏళ్ళలో వాళ్ళకు రాబోయే లాభమంతా మనం చెల్లించాలి. నాకిప్పుడు డెబ్భై ఆరు. నూటొకటో ఏట నా కప్పు నా చేతికొస్తుంది.

మోసం మాత్రం లేదు. అన్నీ రాసే ఉన్నాయి, చదివేవాడుంటే. పగలంతా యంత్రాలు తిరిగే ఇంటికి ఇది మంచి బేరమే. చేతిలో డబ్బున్నవాడు పలకలు సొంతానికి కొనుక్కుంటే ఇంకా మంచిది. మా ఇంట్లో పగటిపూట తిరిగేవి రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్జు, నేను.

అయినా మా డాబా మా అమ్మాయిది. నాలుగేళ్ళ కిందటే మాటిచ్చాను. అది కట్టుడు పళ్ళు చేస్తుంది. ఊళ్ళో సగం మంది డెంటిస్టులకు పళ్ళు దాని బల్ల మీంచే వెళతాయి. ఈ మాటలు గొణుక్కుంటున్న నోట్లో ఉన్నవీ దాని చేతివే. ఇప్పుడున్న అద్దె గదిని మే నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నారు. వాళ్ళ ఫ్లాటులో మంచాలు రెండు పడితే మనిషి పక్కకు తిరగాలి, ఇంక పళ్ళు కాల్చే కొలిమి ఎక్కడ పెడుతుంది? ఏప్రిల్‌లో మా డాబా మీద గది మొదలు పెడదామని ప్లాను గీయించుకుంది, మేస్త్రీతో మాట్లాడింది. కాబట్టి ఈ ముప్ఫై నాలుగు పేజీలూ నాకు కాలక్షేపం మాత్రమే.

ఫిబ్రవరి 15

కాలనీ సంఘం మీటింగు. ట్యాబ్ అమ్మాయి గోడ మీద బొమ్మలు వేసి చూపించింది. నేను లేచి ఒక్కొక్క షరతూ చెప్పుకుంటూ వచ్చాను. పదో షరతు దగ్గర, మా ఎదురింటి డ్రాయింగు మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"రైటరు గారు రేపు ఎండ మీద కూడా అభ్యంతరం దాఖలు చేస్తారు. వినేసి పంపిద్దాం," అన్నాడు.

అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను.

పదకొండేళ్ళ కిందట సంఘం అధ్యక్ష పదవికి నేనూ ఆయనా నిలబడ్డాం. రెండు ఓట్ల తేడాతో గెలిచాడు. గెలిచి ఏం ఉద్ధరించాడు? పార్కులో బెంచీలకు పసుపు రంగు వేయించాడు. నా దగ్గర తీసుకెళ్ళిన ప్రాచీన సామ్రాజ్యాల చరిత్ర రెండో సంపుటాన్ని ఏడాది తరవాత తిరిగి ఇచ్చాడు, లోపలి మ్యాపులన్నిటికీ రంగులు పూసి. "ఇప్పుడు చూడబుద్ధేస్తుంది కదండీ," అన్నాడు. రాసుకున్నాను. నేను మరచిపోతానేమోనని నాకు భయం లేదు, అయినా రాసుకున్నాను.

ఫిబ్రవరి 17

నా అభ్యంతరాలన్నీ శుభ్రంగా రాసి కాలనీ నోటీసు బోర్డుకు అంటించాను. సాయంత్రానికి దాని మీద ఎవరో తప్పిపోయిన పిల్లి ఫోటో అంటించారు.

మార్చి 2

కరెంటు ఆఫీసు ఇంజినీరు వచ్చి మా వరస స్తంభాలన్నీ చూసి వెళ్ళాడు. మా వీధి ట్రాన్స్‌ఫార్మరు ఇంకొక్క ఇంటి సోలారు మాత్రమే మోయగలదట. ఈ నెల ఇరవైతో పథకం గడువు ముగుస్తుంది. ముందు సంతకం పెట్టినవాళ్ళకే.

ఆ ఒక్క ఇల్లూ తనదేనని మాస్టారు తీర్మానించుకున్నాడు. డాబా మీద కుండీలన్నీ దింపించాడు. పైన ఆయన బొమ్మలేసుకునే గది ఒకటుంది, ఉత్తరం వైపంతా అద్దాలు. దాని నీడ పలకల మీద పడుతుందని, దాన్నీ కూల్చడానికి మనిషిని మాట్లాడాడు. ఇంకా సంతకం ఎందుకు పెట్టలేదంటే, ఇల్లు అన్నదమ్ములిద్దరి పేరునా ఉంది. ఎక్కడో ఉన్న తమ్ముడి సమ్మతి పత్రం పోస్టులో రావాలి.

ఇదంతా మా ఆవిడ చెప్పింది. ఆ ఇంట్లో ఏం జరిగినా మా ఇంట్లో తెలుస్తుంది.

మార్చి 6

ఒక ఆలోచన వచ్చింది. రాయను.

మార్చి 9

సంతకం పెట్టాను.

సంతకం అంటే సంతకం కాదు. పన్నెండో షరతు ప్రకారం పద్నాలుగు రోజుల్లో లిఖితపూర్వకంగా ఉపసంహరించుకోవచ్చు. ఇరవయ్యో తారీకున గడువు ముగుస్తుంది. ఇరవై ఒకటిన నా ఉపసంహరణ లేఖ కంపెనీ బల్ల మీద ఉంటుంది. మా డాబా మాకే ఉంటుంది, మాస్టారికి పలకలుండవు. లేఖ ఇవాళే రాసి, తేదీ ఖాళీ పెట్టి, సొరుగులో పెట్టాను. కోటల ముట్టడుల గురించి ఇన్నేళ్ళు చదివింది ఊరికే పోలేదు.

ఇల్లు ఇద్దరి పేరునా ఉంది కనుక మా ఆవిడ కూడా సంతకం పెట్టాలి. కలం తీసుకుని నా ముఖంలోకి చూసింది.

"మరి పిల్ల గది సంగతి?"

"అదంతా చూశాను. దానికి వేరే ఏర్పాటుంది. నువ్వు దానితో ఏమీ అనకు."

"ఏం ఏర్పాటండీ?"

"చెబితే నీ కడుపులో ఆగుతుందా?"

సంతకం పెట్టింది. నిజం చెప్పకపోవడానికి కారణం అదే. ఆవిడకు తెలిస్తే పది నిమిషాల్లో రోడ్డు దాటుతుంది.

మార్చి 11

తమ్ముడి కాగితం వచ్చిందట. మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కంపెనీ ఆఫీసుకు వెళ్ళాడు. గంటలో తిరిగొచ్చి నేరుగా మా గేటు దగ్గర నిలబడ్డాడు.

"రైటరు గారూ, మీరా?"

"నేనే మాస్టారూ."

"ముప్ఫై నాలుగు పేజీలు తప్పని మీరే కదండీ చెప్పింది?"

"మీరే కదా నా కళ్ళు తెరిపించింది. ఎండ మీద అభ్యంతరమేమిటి, అనుకున్నాను."

ఆయన కాసేపు మా డాబా వైపు, కాసేపు తన డాబా వైపు చూశాడు. "అయితే మన అమ్మాయి గది..." అని మొదలుపెట్టి ఆపేశాడు. మన అమ్మాయట. చిన్నప్పుడు నాలుగేళ్ళు ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకుంది, అంతే.

పదకొండేళ్ళలో ఇంత మంచి భోజనం చెయ్యలేదు.

మార్చి 12

లేఖ ఇవాళే పంపవచ్చు కదా అని ఒకసారి అనిపించింది. పంపితే ఆ చోటు మళ్ళీ ఆయనకే పోతుంది. అదీగాక నా వృత్తిలో ఒక పద్ధతుంది: ఆఖరి రోజు దాకా కాగితం చెయ్యి దాటనివ్వకూడదు. ముందు పంపితే అవతలివాడికి ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. నలభై ఒక్క ఏళ్ళు వచ్చినవాళ్ళందరికీ ఇదే చెప్పాను. ఒక్కడూ నష్టపోలేదు.

మార్చి 14

అమ్మాయి వచ్చి టేపుతో డాబా కొలుచుకుంది. టేపు రెండో కొస నాకిచ్చి పట్టుకోమంది.

"ఇక్కడ కొలిమి నాన్నా. ఇక్కడ సింకు. కిటికీ ఇటు పెడితే వెలుతురు నేరుగా చేతుల మీద పడుతుంది. పంటి రంగు ట్యూబులైటులో తెలిసి చావదు."

"ఊఁ."

"ఏంటి ఊఁ? సరిగ్గా పట్టుకో, టేపు జారుతోంది."

చెబుదామనుకున్నాను. ఏడు రోజుల్లో లేకుండా పోయేదానికి ఇప్పుడు చెప్పి దాన్ని బెదరగొట్టడమెందుకు?

మార్చి 16

"మీకు మాస్టారి మీద అంత కచ్చేమిటండీ, ముసలితనంలో," అంది మా ఆవిడ. సంఘం ఎన్నికల సంగతి గుర్తు చేశాను.

"ఆ రెండు ఓట్లలో ఒకటి నాదే," అంది, బట్టలు మడత పెడుతూ. "మీరు గెలిస్తే రోజూ మీటింగులు పెట్టి మనుషుల్ని చంపేవారు."

సాయంత్రం దాకా మాట్లాడలేదు నేను. ఆవిడ గమనించినట్టు లేదు.

మార్చి 17

కంటి ఆస్పత్రి నుంచి ఫోను. వచ్చే నెలలో చెయ్యాల్సిన శుక్లం ఆపరేషను రేపే చేస్తారట, ఎవరో రావడం మానుకున్నారట. ఒక రాత్రి అక్కడ ఉండాలి. అమ్మాయి తోడు వస్తానంది. మా ఆవిడ మోకాళ్ళ నొప్పులని ఇంట్లో ఉంటానంది. ఎల్లుండికి తిరిగొస్తాను. ఇరవై ఒకటికి ఇంకా రెండు రోజులుంటుంది. లేఖ సొరుగులో భద్రంగా ఉంది.

మార్చి 25

ఒక కన్నుతో రాస్తున్నాను. అక్షరాలు వరస తప్పుతున్నాయి.

పంతొమ్మిదో తారీకు మధ్యాహ్నం కారులో వచ్చాం. నా ఎడమ కంటికి కట్టు, కుడి కంటికి నల్లద్దాలు. వీధి మలుపు తిరిగాక అమ్మాయి అడిగింది.

"నాన్నా, మన డాబా మీద ఏంటది?"

"ఏదమ్మా?"

"నీలంగా మెరుస్తోంది."

నాకేమీ కనిపించలేదు. కానీ చూడకుండానే తెలిసిపోయింది.

మా ఆవిడ గేటు దగ్గరే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. నన్ను ఆశ్చర్యపరచాలనుకుందట. కంపెనీవాళ్ళు పదిహేడునే ఫోను చేసి, పద్దెనిమిదిన బిగించవచ్చా అని అడిగారు. నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి పని పూర్తయి ఉంటుందని సరేనంది. మోకాళ్ళ నొప్పి అబద్ధం. పనివాళ్ళకు మూడుసార్లు టీ పెట్టిచ్చింది. పని మొదలుపెట్టడానికి ఇంటి యజమాని సమ్మతి కావాలంటే సంతకం చేసింది. యజమానే కదా.

"వారం రోజులుగా మీరు ఈల వేస్తున్నారండీ," అంది. "ఎన్నేళ్ళయింది మీరు దేనికైనా సరేనని. పాపం ఇది ఆలస్యమైతే మళ్ళీ మనసు మార్చుకుంటారేమోనని..."

నేను ఈల వేశానా? నాకు తెలియదు.

అమ్మాయి పైకెళ్ళింది. చాలాసేపు దిగలేదు. దిగి, నా ఎదురుగా మోడా లాక్కుని కూర్చుంది.

"ఎన్నేళ్ళు?"

"ఇరవై ఐదు. కానీ నా ఉద్దేశం..."

"కాగితం నువ్వు చదివావా నాన్నా?"

"రెండుసార్లు."

"చదివే పెట్టావా?"

అప్పుడంతా చెప్పాను. ఇరవయ్యో తారీకు, ఇరవై ఒకటో తారీకు, సొరుగులో లేఖ. చెబుతున్నప్పుడు నాకే వినిపించింది ఎలా ఉందో. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి మొత్తం వింది. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, నన్ను చూడలేదు.

"చుక్కలు నాలుగు గంటలకోసారి," అని మా ఆవిడకు చెప్పి, మందుల సంచీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మార్చి 26

ఇరవయ్యోనాడే లేఖ తీసుకుని కంపెనీ ఆఫీసుకు వెళ్ళానని నిన్న రాయలేదు. ట్యాబ్ అమ్మాయి కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది.

"ఓనరు సమ్మతితో పని స్టార్టయ్యాక ఉపసంహరణ ఉండదంకుల్. తొమ్మిదో పేజీలో ఉంది, చూస్తారా?"

చూడక్కర్లేదు. ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసుకున్నది నేనే.

"కంపెనీ వాళ్ళతో ఒకసారి మాట్లాడమ్మా," అన్నాను. "మా అమ్మాయికి ఆ చోటు కావాలి."

ఆ పిల్ల నవ్వు తీసి పక్కన పెట్టి మొదటిసారి మామూలుగా మాట్లాడింది. "నేను మాట్లాడితే వింటారా అంకుల్? నాకు నెల నెలా ఇన్ని ఇళ్ళని లెక్క. మొత్తం చదివి సంతకం పెట్టింది మీరొక్కరే. అందరికీ మీ పేరే చెబుతున్నాను, అంత పెద్దాయనే పెట్టారు అని."

ఏప్రిల్ 4

అమ్మాయి రాలేదు.

ఏప్రిల్ 5

మబ్బు.

ఏప్రిల్ 9

కంపెనీ ఫోను నంబరులో ఒకటి నొక్కితే కొత్త కనెక్షను, రెండు నొక్కితే అభినందనలు తెలపవచ్చు, మూడు నొక్కితే ఫిర్యాదు. మూడు నొక్కి నలభై నిమిషాలు పాట విన్నాను. పలకలు తీసేయడానికి ఎంత కట్టాలో చివరికి ఒకతను చెప్పాడు. ఇల్లు అమ్మితే సరిపోతుంది. అయితే డాబా మీద పలకలున్న ఇల్లు ఆ ధరకు ఎవరూ కొనరు.

ఏప్రిల్ 13

మా ఆవిడకు అల్లుడు ఫోను చేశాడు. బస్సు డ్యూటీ దిగి రోజూ అమ్మాయితో కలిసి గదులు చూస్తున్నాడట. కొలిమి అనగానే తలుపు వేస్తున్నారట. ఒకచోట సరేనన్నారు గానీ అది సెల్లారు, పట్టపగలు దీపం పెట్టుకోవాలి. "ఆ వెలుతురులో పళ్ళు చేస్తే అందరికీ గుర్రప్పళ్ళు వస్తాయత్తయ్యా అంటోంది," అన్నాడట. నవ్వించడానికి అన్నాడు. మా ఆవిడ నవ్వలేదు.

"మీరు ఫోను చెయ్యండి," అంది నాతో.

"చేసి ఏం చెప్పను?"

"చెప్పడానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది కదా మీకు."

చెయ్యలేదు.

ఏప్రిల్ 19

ఎండ విపరీతం. పన్నెండు గంటలకు ఇంట్లో లైట్లన్నీ వేసి కూర్చున్నాను. ఉచితమే కదా. మా ఆవిడ వచ్చి ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ వెళ్ళింది.

ఏప్రిల్ 28

ఉత్తరం వచ్చింది. కంపెనీ మా డాబా మీది హక్కుల్ని వేరే కంపెనీకి అమ్మేసిందట. ఇకపై అన్ని ఫిర్యాదులూ కొత్త చిరునామాకు. అందులో పేర్కొన్న షరతు సంఖ్య కూడా సరైనదే.

మే 3

చరిత్రలో ఓడిపోయిన సేనాధిపతుల జ్ఞాపకాలు చాలా చదివాను. వాన కురిసిందనో, దూత ఆలస్యమయ్యాడనో ప్రతివాడూ రాసుకుంటాడు. నేను కూడా రాయబోయాను: ఆస్పత్రివాళ్ళు తేదీ జరపకపోతే, మా ఆవిడ ఒక్క మాట అడిగి ఉంటే. ఆవిడ అడిగింది. మార్చి 9న అడిగింది. పైన రాసే ఉంది.

మే 10

మాస్టారి డాబా మీదికి పనివాళ్ళు ఎక్కారు. గది కూలుస్తున్నారనుకున్నాను. కాదు, అద్దాలు తుడుస్తున్నారు.

మే 12

మూడు గంటలకు గేటు చప్పుడైతే చూశాను. అమ్మాయి, వెనక డ్రాయింగు మాస్టారు. యాభై నాలుగు రోజుల తరవాత అది మా గడప తొక్కింది. కొంచెం చిక్కింది.

మాస్టారు కూర్చోమంటే గానీ కూర్చోలేదు. చేతిలో తెల్ల కాగితాలున్నాయి.

"పలకలు రాలేదు కదండీ, ఆ గది కూల్చే పని తప్పింది," అన్నారు. "ఊరికే పడి ఉంది. వెలుతురు బాగుంటుంది. ఊళ్ళో ఎక్కడో సెల్లారులో కూర్చుంటుందని మీ ఆవిడ చెబితే, ఎందుకమ్మా అన్నాను."

"మాస్టారు అద్దె వద్దంటున్నారు," అంది అమ్మాయి. "నేనిస్తానన్నాను. కాగితం రాసుకుంటేనే వస్తానన్నాను."

"కాగితమైతే రైటరు గారే రాయాలని నేనన్నాను," అన్నారు మాస్టారు. "ఇంకెవరి చేతా వద్దు."

ఆయన ముఖంలో వెతికాను. ఎక్కడో ఒక వెటకారం ఉంటుందని, కనీసం కంటి కొసన ఉంటుందని. ఉంటే ఎంత తేలికయ్యేది. లేదు. కాగితాలు నా ముందు పెట్టి, అంచులు సమంగా సర్దారు.

కళ్ళజోడు పెట్టుకున్నాను. పేర్లు, వయసులు, అద్దె, కాలపరిమితి, కొలిమి పెట్టుకోవడానికి అనుమతి. ఒకే బల్ల దగ్గర ఇటు యజమాని, అటు అద్దెదారు. నేనడుగుతున్నాను, వాళ్ళు చెబుతున్నారు. చెయ్యి దానంతటదే నడిచింది.

"ఎన్నింటికి వస్తావమ్మా రోజూ?" అన్నాను. కాగితానికి అక్కర్లేని ప్రశ్న.

"తొమ్మిదింటికి నాన్నా."

"మధ్యాహ్నం భోజనానికి..."

"డబ్బా తెచ్చుకుంటాను."

ఆఖరున హద్దులు. ఏ దస్తావేజుకైనా నాలుగు వైపులా ఏముందో రాయాలి, లేకపోతే ఆ స్థలం ఎక్కడుందో తేలదు. తూర్పున ఖాళీ స్థలం. దక్షిణాన బేకరీ గోడ. ఉత్తరాన సందు. పడమర దగ్గర కాసేపు ఆగి, 'రోడ్డు, ఆ రోడ్డుకు అవతల అద్దెదారు తండ్రి గారి ఇల్లు' అని రాశాను.

అమ్మాయి కాగితం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. నేనెప్పుడూ నేర్పలేదు, ప్రతి వరస కిందా వేలు పెట్టుకుని చదివింది. పడమర దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ రోడ్డు అని రాస్తే చాలు కదా నాన్నా?"

చట్టప్రకారం చాలు. హద్దు రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. అవతల ఎవరుంటే దానికేమిటి?

"చాలమ్మా," అన్నాను.

మిగిలిన మాటలు కొట్టేశాను. కొట్టివేత ఉంటే కాగితం చివర దాన్ని ఒప్పుకోవాలి, లేకపోతే చెల్లదు. అందుకని కింద 'పడమటి హద్దులో ఏడు మాటలు కొట్టివేయడమైనది' అని రాసి, సంతకం చేసి ఇచ్చాను.